ఈ వారం సమస్య: శవము లుండిన సీసాయె చవుల నిచ్చె

నిర్వాహకుడు: మొన్న మా అల్లుడు ఫ్రాన్స్ నుంచి ఒక షాంపేన్ సీసా తెచ్చాడు. పెద్ద కంపెనీది కాదు, సొంత తోట ద్రాక్షతో ఒక కుటుంబం చేసుకున్నది. లేబుల్ మీద కనీకనిపించని అక్షరాల్లో ఆర్.ఎం. అని ఉంటే అదే గుర్తట. సీసాలోనే రెండోసారి పులిసి, చచ్చిన ఈస్టు మీద కనీసం 12 నెలలు పడుకోవాలి అని వాడు చెబుతుంటేనే ఈ పాదం తట్టింది. ఇక కానివ్వండి.

నల్లకుంట మాస్టారు:

పులిపి గాలిని బంధించి పోయె నీస్టు
మడ్డియై యడుగున నిల్చి మాగి మాగి
రొట్టె వాసన బాదము రుచియుఁ గలిపె
శవము లుండిన సీసాయె చవుల నిచ్చె

అల్వాల్ అక్కయ్య: యతులు నిక్కచ్చిగా ఉన్నాయి మాస్టారూ, ఎప్పటిలాగే. పద్యమే కెమిస్ట్రీ నోట్సులా ఉంది. కుటుంబం ఏదీ? ఈస్టు పెద్ద కంపెనీ సీసాలోనూ చస్తుంది. వాళ్లు బోలెడు ఊళ్ల ద్రాక్ష, పాత ఏళ్ల నిల్వ కలిపి ఏటా ఒకే రుచి వచ్చేలా చూసుకుంటారు. చిన్నవాళ్ల దాంట్లో చాలామటుకు ఆ ఊరి సుద్దనేల, ఆ ఏటి ఎండావానా తెలిసిపోతాయి, పంట బాగాలేని ఏడు బాగాలేదనీ తెలుస్తుంది, నాకు నచ్చేది అదే. నా పూరణ:

తాత నాటిన తీగలఁ దండ్రి కోయ
పిన్ని రసమును బిండంగఁ బిల్ల లెల్ల
నేలమాళిగలో నాడ నిండెనట శై
శవము లుండిన సీసాయె చవుల నిచ్చె

బర్కత్‌పుర బాబాయి: శైశవం! శవాన్ని ఉయ్యాలలో వేశావు కదమ్మా, శభాష్.

నల్లకుంట మాస్టారు: ఉయ్యాల సరే, మూడో పాదం చివర ఆ 'శై' ఏమిటి, సూర్యగణమా తోకచుక్కా? ఎంత తేల్చి పలికినా లఘువు కాదు. పైగా ఒక్కో సీసాలో ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడి, కారు టైరులో ఉండేదానికి రెండింతల పైనే. అక్కడ పిల్లల్ని ఆడిస్తారా ఎవరైనా?

అల్వాల్ అక్కయ్య: మీ శవాల సంగతి చూడండి ముందు. సీసాని తలకిందులుగా పెట్టి, రోజూ కొంచెం కొంచెం తిప్పి, మడ్డి మెడలోకి దిగాక అక్కడ గడ్డకట్టించి, మూత తీసి బయటికి చిమ్మిస్తారు. అప్పుడే అమ్మకం. తాగేనాటికి ఒక్క శవమూ ఉండదు.

నిర్వాహకుడు: 'ఉన్న' అనలేదమ్మా, 'ఉండిన' అన్నాను. మాస్టారి పద్యం నిలిచింది. చమత్కారం మాత్రం అక్కయ్యదే, 'శై'కి అర మార్కు కోత.

ఉప్పల్ కుర్రాడు: కోతా? దీపావళి సమస్యలో మాస్టారు 'చిచ్చుబుడ్డి'కి 'టపాకాయ'తో యతి వేస్తే ఆశువు కదా పాపం అని వదిలేశారు.

నల్లకుంట మాస్టారు: అది టైపింగ్ పొరపాటని అప్పుడే చెప్పాను.

బర్కత్‌పుర బాబాయి: ఏ కీబోర్డులో మాస్టారూ చిచ్చుబుడ్డి నొక్కితే టపాకాయ పడేది? అది సరే, అల్లుడు తెచ్చిన సీసా ఉందా, అయిపోయిందా? ఆ మాట ఎవరూ అడగరేం!

నిర్వాహకుడు: పూరణలు ఆదివారం దాకా తీసుకుంటాం. సీసా గురించి మాత్రం అడగొద్దు.