ఇస్తాంబుల్‌లో ఒంటరిగా ఉన్నాను, మిగిలిన రెండు రోజులకు సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద ఇస్తాంబుల్ వచ్చి, పని ముగిశాక సొంత ఖర్చుతో మరికొన్ని రోజులు ఉండిపోయాను. నా వయసు 52 ఏళ్లు. విదేశంలో ఒక నగరాన్ని ఒక్కణ్ణే చూడడం ఇదే మొదటిసారి. 537లో పూర్తయిన హగియా సోఫియానూ, దానికి ఎదురుగా ఉన్న నీలి మసీదునూ నిన్న తీరిగ్గా చూశాను. ఈ రోజు తోప్‌కాపి రాజప్రాసాదానికి వెళ్తే మంగళవారం సెలవట. ముందుగా చూసుకోకపోవడం నా తప్పే.

అక్కడి నుంచి గలాటా వంతెన వైపు నడుస్తుండగా, నా ముందు వెళ్తున్న బూట్‌పాలిష్ మనిషి పెట్టెలోంచి బ్రష్షు జారిపడితే, పాపమని తీసి ఇచ్చాను. అతను కృతజ్ఞత పేరుతో వద్దంటున్నా నా బూట్లు తుడిచి, చివరకు గట్టిగా డబ్బు అడిగాడు. పోయింది కొద్ది మొత్తమే అయినా, అప్పటి నుంచి ఎవరు పలకరించినా బెదురుగానే ఉంది.

రేపు ఎమినోను రేవు నుంచి ఫెర్రీలో ఆసియా వైపున్న కాదికోయ్‌కు వెళ్లి, అక్కడి బజారు చూసి, చీకటి పడ్డాక తిరిగి రావాలనుకుంటున్నాను. ఒంటరి మనిషికి ఆ వేళ ఇబ్బంది ఉండదా? బలాత్ అనే పాత పేట వీధుల్లో దారి తప్పకుండా తిరగడానికి ఎక్కడ మొదలుపెట్టడం మంచిది? నేను మాంసం ముట్టను. మన పప్పుచారుకు దూరపు చుట్టంలా ఉండే మెర్జిమెక్ చోర్బా అనే పప్పు సూప్‌లో కొన్నిచోట్ల మాంసరసం కలుపుతారని విన్నాను కాబట్టి, ఆ సంగతి టర్కిష్‌లో మర్యాదగా ఎలా అడగాలో తెలిసినవారు దయచేసి తెలుగు లిపిలో రాసి చెప్పగలరు.