సైడ్‌కార్ ఎవరిది: పారిస్‌దా, లండన్‌దా, న్యూ ఓర్లీన్స్‌దా?

కృష్ణలంక_కుర్రాడు:
బ్రాండీతో చేసే కాక్‌టెయిల్స్‌లో నాకు బాగా ఇష్టమైంది సైడ్‌కార్. బ్రాండీ, క్వాంత్రో (నారింజ తొక్కల లిక్కర్), నిమ్మరసం, అంతే. దీని పుట్టుక గురించి ఎక్కడ చూసినా ఒకటే కథ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పారిస్‌లో ఒక కెప్టెన్ మోటార్‌సైకిల్ సైడ్‌కార్‌లో కూర్చుని బార్‌కి వచ్చేవాడట, ఆయన కోసం కలిపిన డ్రింక్‌కి ఆ బండి పేరే పెట్టారట. ఆ బార్ హ్యారీస్ న్యూయార్క్ బార్ అనీ, కలిపింది హ్యారీ మెక్‌ఎల్‌హోన్ అనీ చాలామంది అంటారు. లండన్ వాళ్లు మాత్రం ఒప్పుకోరు. నా ఓటు పారిస్‌కే. కోన్యాక్ (ద్రాక్షతో చేసే బ్రాండీ) ఫ్రాన్స్‌ది, క్వాంత్రో ఫ్రాన్స్‌ది. అక్కడ కాకపోతే ఇంకెక్కడ పుడుతుంది?

పాతపుస్తకాల_పిచ్చి:
సరుకు ఎక్కడిదైతే డ్రింకూ అక్కడిదే అనలేం తమ్ముడూ. టానిక్‌లో వేసే క్వినైన్ మొదట దొరికింది దక్షిణ అమెరికా చెట్టు బెరడులో. అంతమాత్రాన జిన్ టానిక్‌ని పెరూ వాళ్లు కనిపెట్టారని ఎవరూ అనరు కదా.

అచ్చులో ఏముందో చూద్దాం. 1922లో హ్యారీయే సొంతంగా ఒక కాక్‌టెయిల్ పుస్తకం వేశాడు. అందులో సైడ్‌కార్‌ని తన ఖాతాలో వేసుకోలేదు. లండన్ బక్స్ క్లబ్ బార్‌మన్ మెక్‌గ్యారీ పేరు రాశాడు. అదే ఏడాది రాబర్ట్ వెర్మేర్ వేసిన పుస్తకంలో కూడా మెక్‌గ్యారీ పేరే ఉంది. ఇంకో సంగతి, హ్యారీ ఆ పారిస్ బార్‌ని కొన్నది 1923లో. అంటే ఆ బార్ ఆయన చేతికి రాకముందే రెసిపీ అచ్చయిపోయింది.

మరి పేరు పారిస్‌కి ఎలా వెళ్లింది? బక్స్ క్లబ్ 1919లో పెట్టిన ప్రైవేట్ క్లబ్. మెంబర్ కానివాడికి లోపలికి దారి లేదు. హ్యారీస్ రోడ్డు మీద బార్, పారిస్ వెళ్లిన ప్రతి అమెరికన్ టూరిస్టూ తొంగిచూసే చోటు. కథ చెప్పడానికి అక్కడ రోజూ కొత్త చెవులు దొరుకుతాయి. జీతానికి పనిచేసిన బార్‌మన్ పేరు మరుగున పడి, ఓనర్ పేరు నిలిచిపోయింది. నాకు కోపం వచ్చేది అందుకే.

కృష్ణలంక_కుర్రాడు:
అన్నా, వెర్మేర్ మాట పూర్తిగా చెప్పండి. ఈ డ్రింక్ ఫ్రాన్స్‌లో బాగా నడుస్తోందనీ, లండన్‌కి మొదట తెచ్చింది మెక్‌గ్యారీ అనీ రాశాడు. తేవడం వేరు, కనిపెట్టడం వేరు. పైగా కెప్టెన్ కథ గాలి కబురు కాదు. డేవిడ్ ఎంబరీ అనే అమెరికన్ లాయర్ 1948లో వేసిన పుస్తకంలో, దీన్ని కనిపెట్టింది తన స్నేహితుడేననీ, అది యుద్ధం రోజుల్లో పారిస్‌లో జరిగిందనీ రాశాడు.

పాతపుస్తకాల_పిచ్చి:
యుద్ధం ముగిసిన ముప్ఫై ఏళ్లకు, పేరు చెప్పని స్నేహితుడి గురించి రాసిన మాట అది. 1922 నాటి రెండు పుస్తకాలు బార్‌మన్‌లు రాసుకున్నవి, డ్రింక్ కొత్తగా నడుస్తున్నప్పుడే వచ్చినవి. నా మటుకు వాటి బరువే ఎక్కువ.

తెనాలి_టు_టెక్సాస్:
మీరిద్దరూ అరవై ఏళ్లు ఆలస్యంగా మొదలుపెట్టారు. 1850లలో న్యూ ఓర్లీన్స్‌లో జోసెఫ్ శాంటినీ చేసిన బ్రాండీ క్రస్టా సంగతేంటి? అమెరికన్ బార్‌మన్ జెర్రీ థామస్ 1862లో వేసిన పుస్తకంలో అది ఉంది. కనిపెట్టినవాడి పేరు ‘శాంటినా’ అని ఒక అక్షరం తప్పుగా పడింది కానీ, ఆయన గురించే.

చేసే పద్ధతి చూడండి. బ్రాండీ, కొద్దిగా చక్కెర పాకం, బిట్టర్స్ (చుక్కల్లో వేసే చేదు మూలికల సారం), ఒకటి రెండు చుక్కల క్యురసావ్ (ఇదీ నారింజ తొక్కల లిక్కరే), కాస్త నిమ్మరసం కలపాలి. వైన్ గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్ది, మెత్తటి పంచదారలో అద్దాలి. తర్వాత సగం నిమ్మకాయ తొక్కని ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా ఒలిచి, గ్లాసు లోపలి గోడకి అంటుకునేలా అమర్చి, కలిపినదాన్ని అందులోకి వడకట్టాలి. నేను ఇంట్లో చేస్తుంటాను. తొక్క ఒలవడంలోనే ఓపిక అంతా పోతుంది. కానీ గ్లాసు ముక్కు దగ్గరికి వచ్చేసరికి ముందు నిమ్మతొక్క నూనె వాసన, పెదవికి పంచదార, ఆ తర్వాతే బ్రాండీ. బ్రాండీ, నారింజ లిక్కర్, నిమ్మ, అంచుకి పంచదార. ఇది సైడ్‌కార్‌కి తాత కాదంటారా?

పాతపుస్తకాల_పిచ్చి:
తాత అంటే ఒప్పుకుంటాను. అదే మనిషి అంటే ఒప్పుకోను. క్రస్టాలో నిమ్మ కాస్తే, అసలు రుచి బ్రాండీది, బిట్టర్స్‌ది. సైడ్‌కార్‌లో బిట్టర్స్ లేవు, పులుపుదే పెత్తనం. 1922 రెసిపీల్లో మూడూ సమపాళ్లు. పంచదార అంచు కూడా 1922లో లేదు, తర్వాత వచ్చి చేరింది. ఆ పోలికని రుజువుగా తీసుకోలేం.

తెనాలి_టు_టెక్సాస్:
కొలతలు మారితే వంశం మారదు సార్. కాక్‌టెయిల్‌లో నిమ్మరసం పోయవచ్చని చూపించింది శాంటినీ. ఆ దారి లేకపోతే మెక్‌గ్యారీ లేడు, హ్యారీ లేడు. పారిస్, లండన్ కొట్టుకుంటుంటే ఆయన పేరు ఎవరూ ఎత్తరు. మీకు ఏ కోపం ఉందో నాదీ అదే కోపం.

కౌంటర్_వెనకాల:
హైదరాబాద్‌లో బార్‌లో పనిచేస్తాను. చేసేవాడి వైపు నుంచి ఒక మాట. సమపాళ్ల రెసిపీ పట్టుకుని మన కాగితపు నిమ్మకాయతో చేస్తే నోట్లో పెట్టలేం. ఆ పుస్తకాల్లో నిమ్మ అంటే పెద్ద పసుపు లెమన్. మన గూడూరు కాయ ఘాటు వేరు, రసం తగ్గించి వేయాల్సిందే. 1930లో లండన్ సవాయ్ హోటల్ పుస్తకంలో బ్రాండీ సగం, మిగతా రెండూ పావు వంతు చొప్పున ఉన్నాయి. మనకి అది నయం. ఎంబరీ అయితే ఎనిమిది పాళ్ల బ్రాండీకి రెండు నిమ్మ, ఒకటే క్వాంత్రో అంటాడు. నా నాలుకకి మరీ కటువు.

ఇంకోటి, మన దగ్గర చవగ్గా దొరికే బ్రాండీ చాలావరకు చెరకు మొలాసిస్ స్పిరిట్‌తో చేసినది. అందులో ద్రాక్ష రుచి వెతికితే దొరకదు. ద్రాక్షతో చేసిన సీసా తెచ్చుకుని చేయండి, అప్పుడే ఈ వాదనకి అర్థం ఉంటుంది.

పాతపుస్తకాల_పిచ్చి:
మంచి మాట చెప్పారు. తెనాలి గారూ, శాంటినీ పేరు క్రస్టా కింద రాయండి, నేనూ సంతకం పెడతాను. కౌంటర్ గారూ, మీ బార్ మెనూలో సైడ్‌కార్ కింద పారిస్ కెప్టెన్ కథ ఉంటే తీయించి ‘మెక్‌గ్యారీ, బక్స్ క్లబ్, లండన్’ అని వేయించండి. 1922లో హ్యారీ వేసింది కూడా ఆ పేరే.