సార్ మీద నమ్మకం ఉన్నప్పుడు రూల్స్ ఎందుకు? మా గ్రౌండ్ పంచాయితీ, మీరేమంటరు

ఖోఖో_నాన్న
అందరికీ నమస్తే. మా పాప హన్మకొండల ఒక క్లబ్బుల ఖోఖో ఆడుతది. క్లబ్బంటే పెద్దగ ఏం లేదు, ఒక కాలేజీ గ్రౌండు, రెండు స్తంభాలు, సున్నం బస్తా, ఒక సార్. సార్ ఫీజు తీస్కోడు, ఏండ్ల సంది ఊరికెనే నేర్పుతున్నడు. పోయిన నెల కమిటీల కొత్తగ చేరిన ఒక మేడం కాగితం మీద నాలుగు రూల్స్ రాసి పెట్టింది. సార్ పిల్లలకు విడిగ వాట్సాప్ చేయొద్దు, ఏదున్నా గ్రూపులనే పెట్టాలె. ఒక్క పిల్లను బండి మీద ఎక్కించుకొని పోవద్దు. టోర్నమెంటుకు పోతే ఆడపిల్లల వెంట ఒక ఆడమనిషి ఉండాలె. నరం పట్టినా దెబ్బ తాకినా మసాజ్ చేసుడు ఇంకో పెద్దమనిషి ముందటనే. సార్ ఆ కాగితం చదివిండు, మెడల ఈల తీసి కుర్చీ మీద పెట్టిండు, పోయిండు. వారమైంది, రాలే. సగం మంది పేరెంట్స్ మేడంను తిడుతున్రు. నాకైతే రూల్స్ తప్పనిపిస్తలేవు, కానీ సార్‌ను గిట్ల పంపుడు గూడ మనసుకు పడ్తలేదు. మీరేమంటరు?

కాజీపేట_రైడర్
ఏమంటమన్న, ఇది అవమానమే. పైస తీస్కోకుండ పిల్లలకు బూట్లు కొనిచ్చేటోన్ని పట్టుకొని నువ్వు దొంగవైతవేమో అని ముందే రాసిస్తే ఎవడుంటడు? నేను కబడ్డీ ఆడిన రోజుల్ల సార్ ఇంట్లనే తిన్నం, సార్ బండి మీదనే తిరిగినం. ఇంకోటి, ధర్మసాగర్, హసన్‌పర్తి దిక్కు నుంచి వచ్చే పిల్లలున్నరు, ప్రాక్టీస్ అయ్యేసరికి ఏడు దాటుతది, బస్సు పోతే ఎవరు దింపాలె? గా సారే దింపాలె. మీ రూలుతోని టౌన్ల పిల్లలకు ఏం కాదు, ఊరి పిల్లల ఆటనే బంద్ అయితది. ఆట బంద్ అయిన ఆడపిల్లకు ఇంట్ల ఏం చూస్తరో మీకు చెప్పాల్నా? బాక్సర్ నిఖత్ జరీన్ నిజామాబాద్ల గ్రౌండుకు పోయినప్పుడు గిసొంటి కాగితాలున్నయా?

సుబేదారి_అమ్మ
అన్నా, నిఖత్‌ను గ్రౌండుకు తీస్కపోయింది వాళ్ల నాన్నే కదా, ఆ ముచ్చట మర్చిపోతే ఎట్ల.

మీ సార్ మంచోడే అనుకుందాం, నేను కాదంటలేను. ఎండాకాలం క్యాంపులల్ల అసిస్టెంట్ అని వచ్చే డిగ్రీ పోరగాళ్ల సంగతేంది? వాళ్ల ఆధార్ కార్డు గూడ ఎవరూ అడగరు, ట్రాక్ ప్యాంటు ఏసుకొని ఈల పట్టుకుంటే సార్ అయిపోయినట్టే. రూలనేది వాళ్లకు కావాలె, మీ సార్‌కు వర్తించకుంటే వాళ్లకు ఎట్ల పెడ్తరు?

ఇగ మనిషి మంచోడా కాదా మొహం చూసి చెప్తమనే మాట. అమెరికాల లారీ నాసర్ అని జిమ్నాస్టిక్స్ టీమ్ డాక్టరుండె. ఏండ్లకు ఏండ్లు ట్రీట్‌మెంట్ పేరు మీద ఆడపిల్లలను పాడు చేసిండు, చానాసార్లు తల్లి అదే గదిల కూసోనుంది, ఆమెకు కనపడకుండ అడ్డం నిలబడి చేసిండు. 2018ల శిక్ష పడ్డప్పుడు 150 మందికి పైగా కోర్టుల మాట్లాడిన్రు. ఆయన గురించి గూడ పేరెంట్స్ అందరు దేవుడసొంటోడనే అన్నరు. అందుకే పేరెంట్స్ కూసుంటే చాలు అనే మాట గూడ నేను నమ్మను.

మొదట ఏం పెద్దగ కాదు. రాత్రి పదింటికి 'తిన్నవా, పడుకున్నవా' అని ఒక మెసేజ్. అందరిల ఒక్కపిల్లకే కొత్త బూట్లు. 'అమ్మకు చెప్పకు, మందలిస్తది' అనే మాట. గ్రూపులనే మెసేజ్ పెట్టాలె అనే రూలు ఎందుకో ఇప్పుడు సమజైందా?

పాత_కమిటీ_మెంబర్
అమ్మా మీరు చెప్పింది అమెరికా ముచ్చట. మన దగ్గర ఏమన్న జరిగిందని తెలిస్తే ముందు నలుగురు పెద్దమనుషులం కూసొని మాట్లాడుతం, తప్పు చేసినోన్ని గ్రౌండుకు రానియ్యం, ఐపోయె. సీదా పోలీస్ స్టేషన్ పోతే పిల్ల పేరు బజార్లవడ్తది. ఇంతకుముందు ఒక అకాడమీల గిట్లనే [ఈ భాగం తీసేసినం – మాడరేటర్]

మాడరేటర్
పిల్ల ఊరు, తండ్రి పని, స్కూలు ఇట్ల గుర్తుపట్టే ఏ ముక్క ఇక్కడ రాయొద్దు. పోక్సోల, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టంల, 23వ సెక్షన్ కింద ఇది నేరం. ఇంకోసారి రాస్తే అకౌంట్ తీసేస్తం.

నల్లకోటు_వరంగల్
పాత కమిటీ మెంబర్ గారు, మీరు చెప్పిన ఆ పెద్దమనుషుల పంచాయితీతోనే మీరు లోపలికి పోతారు, జాగ్రత్త. పోక్సో చట్టం 2012లో వచ్చింది, 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే, మగపిల్లలు కూడా. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. సంస్థకు ఇన్‌చార్జిగా ఉండి తన కింద పనిచేసేవాడి గురించి దాస్తే ఏడాది దాకా. 'వాన్ని గ్రౌండుకు రానీయం' అంటే వాడు ఇంకో ఊరి గ్రౌండుకు పోతాడు, అంతే కదా?

పిల్ల పేరు బయటపడుతుందనే భయం అర్థమవుతుంది. కానీ 24వ సెక్షన్ చూడండి, స్టేట్‌మెంట్ పిల్ల ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఆఫీసర్, యూనిఫాం లేకుండా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, పిల్లలే చేయొచ్చు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదు.

గ్రౌండుకు చట్టం ఎక్కడిది అనేవాళ్లకు ఒక మాట. 2013 నాటి మహిళల లైంగిక వేధింపుల చట్టంలో పనిచేసే చోటు అంటే ఏంటో చెప్తూ స్టేడియం, స్పోర్ట్స్ కాంప్లెక్స్ కూడా రాశారు. పదిమంది స్టాఫ్ లేని చోట జిల్లా లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయాలి. మీ క్లబ్బు బోర్డు మీద ఈ ముక్క ఉందా?

కాజీపేట_రైడర్
వకీల్ సాబ్ సెక్షన్లన్నీ సార్ల మీదనే పడ్తయి. ఎవడో గేమ్‌ల సెలెక్ట్ కాలేదని కోపంతోని కేసు పెడితే? ఖోఖోల పోల్ డైవ్, అంటే స్తంభం పట్టుకొని ముందటికి దుంకి అవుట్ చేసుడు, నేర్పాలంటే నడుం పట్టి వంచాలె, పట్టకుండ నేర్పమంటే యూట్యూబ్ చూసి నేర్చుకోమను.

నల్లకోటు_వరంగల్
తెలిసీ తప్పుడు ఫిర్యాదు చేసిన పెద్దలకు 22వ సెక్షన్‌లో శిక్ష ఉంది, పిల్లలకు లేదు. అయినా మీరు భయపడేదానికి మందు కూడా ఈ కాగితమే. నలుగురి ముందు నేర్పిన కోచ్‌కు నలుగురు సాక్షులుంటారు.

పీఈటీ_పరకాల
నేను స్కూల్ల పీఈటీ, నడుం పట్టుకోకుండ పోల్ డైవ్ నేర్పలేం, రైడర్ తమ్మి చెప్పింది నిజమే. కానీ పట్టుకునే ముందు 'ఇక్కడ పట్టుకుంట, సరేనా' అని అడిగితే ఏం పోతది, పిల్ల గూడ బిగుసుకోదు. మసాజ్ మాత్రం కోచ్ పని కాదు, ఐస్ పెట్టి ఇంటికి పంపాలె.

టోర్నమెంట్ల గురించి ఎవరూ మాట్లాడుతలేరు, అసలు ఇబ్బందంత అక్కడనే. జిల్లా పోటీలకు పోతే ఏదో ఒక స్కూల్ల క్లాస్ రూములు ఇస్తరు, బెంచీలు ఒక మూలకు జరిపి చాపలేస్తం. నేను పోంగనే మొదలు చూసేది తలుపుకు లోపల గొళ్లెం ఉందా లేదా అని. కిటికీ రెక్కలుండవు, న్యూస్ పేపర్ అంటిస్తం. బాత్రూం పొలం దిక్కు ఉంటది, రాత్రి పోవాలంటే ముగ్గురు కలిసి పోవాలె, మేడం టార్చి పట్టుకొని నిలబడాలె. మేడం లేకుంటే గా టైంల పిల్ల ఎవరిని లేపాలె చెప్పుండ్రి? 2022ల సైక్లింగ్ టీంల ఒకామె కోచ్ మీద కంప్లైంట్ చేసినంక సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) వాళ్లే ఆడ క్రీడాకారుల వెంట లేడీ కోచ్ ఉండాలని ఆర్డరిచ్చిన్రు. 2025ల వచ్చిన నేషనల్ స్పోర్ట్స్ గవర్నెన్స్ చట్టంల గూడ సేఫ్ స్పోర్ట్స్ పాలసీ ఉండాలన్నరు, అది ఫెడరేషన్లకు, మన గల్లీ క్లబ్బు దాకా ఎప్పుడొస్తదో.

బండి ముచ్చటకొస్తే ఇద్దరు పిల్లలను ఎక్కించుకోమని ఎవరో మా గ్రూపుల సలహా ఇచ్చిన్రు, ట్రిపుల్ రైడింగ్ చలాన్ గూడ వాళ్లే కడ్తరా అడుగుండ్రి.

తమ్మునికి_అక్క
మీరంతా పిల్లలు పిల్లలు అంటున్రు. మా తమ్మునికి 26 ఏండ్లు, మానసికంగ చిన్నపిల్లగాడు, పొద్దుగాల జేఎన్ఎస్ స్టేడియంల ఉరుకుతడు. వీని లెక్కనే మేధో వైకల్యం ఉన్న పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి 2024ల పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల్ల కంచు పతకం తెచ్చినంక మా అమ్మకు ఆశ పుట్టింది. వాన్ని ఎవరు ఏమడిగినా సరే అంటడు. జేబుల పైసలిస్తడు, అంగీ ఇప్పమంటే ఇప్పుతడు, డ్యాన్స్ చేయమంటే చేస్తడు, సీనియర్ పోరగాళ్లు వీడియో తీసి ఇన్‌స్టాల పెట్టిన్రు. సార్‌కు చెప్తే 'వాడు నవ్వుతనే ఉన్నడు కదమ్మా' అన్నడు. మీ నాలుగు రూల్స్‌ల వీనికి ఏదన్న ఉందా?

నల్లకోటు_వరంగల్
అక్కా, అది చట్టంలోనే పెద్ద సందు. మనసు వయసు ఎంతున్నా పోక్సోలో వయసు అంటే పుట్టిన తేదీ లెక్కనే అని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ తమ్ముడు అందులోకి రాడు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఉంది, ఏడో సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు చెప్పొచ్చు, నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్‌లో కనీసం ఆరు నెలల శిక్ష. వీడియో లింకు, స్క్రీన్ షాట్లు తీసి పెట్టుకోండి, డిలీట్ చేయించే ముందే.

సుబేదారి_అమ్మ
సీనియర్లు చేసేది ఎవరూ రాయరు చూడుండ్రి, అన్నిట్ల సార్ సార్ అనే. ఫోన్లు గ్రౌండు బయట పెట్టిపియ్యాలె ముందు.

ఖోఖో_నాన్న
అందరికీ థాంక్స్. ఈ థ్రెడ్ మేడంకు పంపిన, మేడం సార్‌తోని ఫోన్ల మాట్లాడింది. సార్ మూడిటికి ఒప్పుకున్నడు, కానీ ఒక షరతు పెట్టిండు. 'కోచ్' అని రాసిన జాగల 'పెద్దలందరు' అని రాయాలె అన్నడు, కమిటీ మెంబర్లు, సీనియర్లు, పేరెంట్స్ గూడ. అక్క చెప్పిన వీడియో ముచ్చట గూడ అందుల కలుపుతున్నం. బండి దగ్గరనే ఆగింది. నెలకు ఒక ఆటో మాట్లాడుదామంటున్రు, ఊరి పిల్లల వాటా ఎవరియ్యాలె అని కొట్లాట నడుస్తుంది.

కాజీపేట_రైడర్
మా పాత ప్లేయర్లం కలిసి ఆటోకు సగం ఇస్తం, రాసుకో. కానీ ఒకటి చెప్పు, సార్ బండి మీద వద్దన్నరు, ఆటో డ్రైవర్‌తోని ఆఖరికి మిగిలే పిల్ల ఒక్కతే ఉండదా?

పీఈటీ_పరకాల
ఉంటది. అందుకే ఇద్దరు పిల్లలు దిగే ఊరును ఆఖరికి పెట్టుండ్రి, చుట్టు ఎక్కువైతే ఎక్కువైతది, డీజిల్ పైసలు నేనిస్త.