సింగ్‌నగర్‌లో పై అంతస్తు ఫ్లాట్ 42 లక్షలు, అడ్వాన్స్ ఇచ్చేయనా?

అద్దెకొంప:
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకుంటున్నాం. ఇప్పుడు సింగ్‌నగర్‌లో ఒక ఫ్లాట్ చూశాం, 2012లో కట్టింది, కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, మేం చూసింది అన్నిటికన్నా పైది. 1050 అడుగులు, 42 లక్షలు చెప్తున్నారు. ఇదే సైజు పటమటలో అడిగితే చుక్కలు కనపడ్డాయి. ఇల్లంతా కొత్తగా పెయింటు వేశారు, మా ఆవిడకి బాగా నచ్చింది. చేతిలో 12 లక్షలున్నాయి, మిగతా 30 లోన్ పెడదామని. శుక్రవారంలోపు 2 లక్షలు అడ్వాన్స్ ఇవ్వాలంట, లేకపోతే వేరే పార్టీ రెడీగా ఉందంట. ఇంకోటి, డాక్యుమెంట్‌లో 30 వేసి 12 క్యాష్‌గా ఇస్తే మీకే రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది అంటున్నాడు ఓనరు. వరద సంగతి అడిగితే నాలుగో అంతస్తుకి నీళ్లెందుకొస్తాయండీ అని నవ్వాడు. నిజమే కదా అనిపించింది. ఏమంటారు?

సింగ్‌నగర్ అక్క:
నవ్వడానికేం తమ్ముడూ, ఎవరైనా నవ్వుతారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మేమూ మూడో అంతస్తులోనే ఉన్నాం, ఇంట్లోకి చుక్క రాలేదు, కానీ కింద మీటర్ల బోర్డు, మోటారు, సంపు, లిఫ్టు గుంట అన్నీ మునిగిపోయాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, మామగారి బీపీ మాత్రలు అయిపోతే పడవ ఎప్పుడొస్తుందా అని బాల్కనీలో నిలబడ్డాం. నీళ్లు తీశాక లిఫ్టుకి, వైరింగుకి కలిపి ఫ్లాట్‌కి 38 వేలు పడింది మాకు. అది కట్టకుండా అమ్ముకుని వెళ్లిపోయినాయన ఒకరున్నారు, ఆ బాకీ కొన్నవాళ్ల మెడకి చుట్టుకుంది, ఇప్పటికీ మీటింగుల్లో గొడవే. అందుకని ఓనరుని కాదు, అసోసియేషన్ సెక్రటరీని కలవండి. మీటర్ల బోర్డు పైకి జరిపించారా, లిఫ్టు ఎన్ని రోజులకోసారి ఆగుతోంది, ఈ ఫ్లాట్ మీద బాకీ ఎంత, ఇవన్నీ అడగండి. బాకీ లేదని కాగితం మీద రాయించుకోండి. ఇంటి పన్ను, కరెంటు బిల్లు రసీదులు కూడా.

నేనైతే ఇక్కడ కొనొద్దు అనను. మేం ఇక్కడే ఉన్నాం కదా. ఆ రేటు వద్దంటాను, అంతే. ఒకవేళ కొంటే ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకోండి, భారత్ గృహ రక్ష అని చాలా కంపెనీల్లో ఉంటుంది, అందులో వరద కూడా కవర్ అవుతుంది. లోన్‌తోపాటు బ్యాంకులో అంటగట్టేది చాలాసార్లు మీ ప్రాణానికి చేసేది, ఇంటికి కాదు, చూసి సంతకం పెట్టండి.

సైట్ బాబాయ్:
అమ్మే ముందు కొత్త పెయింటు వేశారంటేనే నాకు అనుమానం. పై అంతస్తు కాబట్టి స్లాబులో చెమ్మ ఉంటే నెల తిరక్కుండా పెయింటు ఉబ్బుతుంది. ఒక కర్ర తీసుకెళ్లి సీలింగ్ మీద నెమ్మదిగా తట్టుకుంటూ పోండి, ముఖ్యంగా బాత్రూమ్ పైన, గోడ మూలల్లో. డొల్లగా మోగిందంటే లోపల ప్లాస్టరింగ్ వదిలేసినట్టు, రేపో మాపో పెచ్చులూడతాయి. డాబా మీదికెక్కి నీళ్లు ఎటు పోతున్నాయో, ట్యాంకు కింద పాచి ఉందో చూడండి. డాబా వాటర్ ప్రూఫింగ్ అసోసియేషన్ ఖర్చా మీ ఒక్కరి ఖర్చా అన్నది ముందే తేల్చుకోవాలి, కింద ఫ్లాట్ల వాళ్లకి వాన పడితే ఏం పట్టింది? ఇక మే నెలలో మన బెజవాడ ఎండకి పై అంతస్తులో ఫ్యాను వేడిగాలే కొడుతుంది, అది మీకు తెలిసిందే.

అసలు సంగతి మర్చిపోతున్నా. కార్పొరేషన్ ఇచ్చిన ప్లాన్ కాపీ అడగండి. మూడంతస్తులకే అనుమతి ఉండి నాలుగోది తర్వాత లేపిందైతే మీరు కొనేది ఆ అంతస్తే.

లోన్ డెస్క్:
బ్రోకర్లు చెప్పని లెక్క నేను చెప్తాను. మన దగ్గర స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 42 మీద 3.15 లక్షలు, 30 మీద 2.25. అంటే ఆయన చెప్పినట్టు చేస్తే కలిసొచ్చేది 90 వేలు. సరే, ఇప్పుడు బ్యాంకు వైపు నుంచి చూడండి. డాక్యుమెంట్‌లో 30 ఉంటే మాకు ఆ ఇంటి విలువ 30 లక్షలే, అందులో మహా అయితే 90 శాతం, అంటే 27 వస్తుంది. మిగతా 3, పైన క్యాష్ 12, రిజిస్ట్రేషన్ 2.25, మొత్తం 17.25 లక్షలు మీ చేతి నుంచి పెట్టాలి. నిజమైన రేటు వేస్తే 30 లోన్ పోను 15.15 చాలు. ఆయన మీకు చేస్తానంటున్న మేలు ఇదీ! ఇళ్ల అమ్మకంలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకుంటే తీసుకున్నాయనకి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 30 అనే లెక్కకొస్తుంది, ఎక్కువ లాభం చూపించి పన్ను కట్టాలి.

గమనించారో లేదో, ఏ దారిలో వెళ్లినా మీ 12 చాలవు. రిపేర్లకి ఇంకో రెండు లక్షలైనా పక్కన ఉంచుకోవాలి. 30 లక్షలకి ఇరవై ఏళ్లు, 8.5 శాతం అనుకుంటే నెలకి 26 వేల కిస్తీ. ఏడాదికి ఒక కిస్తీ అదనంగా కట్టగలిగితే మూడున్నరేళ్ల ముందే తీరిపోతుంది, ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్‌కి ముందుగా కట్టినందుకు చార్జీ ఉండదు. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపించే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) చూపించకుండా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. ఓనరుకి పాత లోన్ ఉంటే ఒరిజినల్స్ బ్యాంకులోనే ఉంటాయి, జిరాక్సులు చూసి మోసపోవద్దు.

అద్దెకొంప:
అందరికీ థాంక్సండీ. నిన్న సాయంత్రం కర్ర పట్టుకుని వెళ్లా. బాత్రూమ్ పైన, వంటింటి మూల డొల్లగా మోగింది. ప్లాన్ కాపీ అడిగితే వెతకాలన్నాడు ఓనరు, మొన్నటిదాకా శుక్రవారం అన్నవాడు ఇప్పుడు వచ్చే నెలైనా పర్లేదంటున్నాడు. ఆ వేరే పార్టీ ఏమైందని అడగలేదు. 36కి తగ్గించి, అంతా డాక్యుమెంట్‌లో వేసి, ప్లాన్ చూపిస్తే మాట్లాడదామని చెప్పి వచ్చేశా. అక్కా, మీ వైపు రెండో అంతస్తులో ఏదైనా ఉంటే చెప్పండి.