మన ఎండలకి కూలెంట్ అవసరమా, మంచినీళ్లు చాలవా?

ఖమ్మం_వ్యాగన్ఆర్:
నాది 2014 వ్యాగన్ఆర్, పెట్రోల్. బానెట్ కింద ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, ఇంజిన్ వేడెక్కకుండా చూసే కూలెంట్ కింది గీత దాటి దిగిపోయింది. మా వీధి మెకానిక్ నల్లా నీళ్లు పోసేసి, "కూలెంట్ మంచు కురిసే దేశాల వాళ్లకి సార్, కొత్తగూడెం ఎండల్లో నీళ్లు గడ్డకడతాయా?" అని నవ్వాడు. స్పేర్ పార్ట్స్ షాపాయనేమో ఆకుపచ్చది వద్దు, ఎర్రది పోయించండి, అదే పవర్‌ఫుల్ అంటాడు. ఎవరి మాట వినాలి?

స్టీరింగ్_బాబాయ్:
మెకానిక్ చెప్పిందే నిజం. ముప్పై ఏళ్లుగా బండ్లు నడుపుతున్నా. అంబాసిడర్‌లో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు డిక్కీలో నీళ్ల క్యాన్ ఉండేది. ఆవిరి కొడితే పక్కకి ఆపడం, చల్లారాక నీళ్లు పోయడం, మళ్లీ బయలుదేరడం. కూలెంట్ అన్న పేరు ఎవడికి తెలుసు? సైన్స్ కూడా నా వైపే ఉంది. వేడిని మోసుకుపోవడంలో కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కంటే నీళ్లే మేలు. చలి లేని ఊళ్లో చలిమందు అమ్మడం కంపెనీల వ్యాపారం.

కెమిస్ట్రీ_మాస్టారు:
బాబాయ్ గారూ, మీ సైన్స్ కరెక్టే. నీళ్లూ ఇథిలీన్ గ్లైకాలూ సగం సగం కలిపితే ఆ మిశ్రమం మోసే వేడి ఉత్త నీళ్ల కన్నా దాదాపు ఆరో వంతు తక్కువ. డబ్బా మీద ఈ ముక్క ఎవరూ రాయరు.

కానీ అంబాసిడర్‌తో పోలిక కుదరదు. పాత అంబాసిడర్ ఇంజిన్ మొత్తం పోత ఇనుము, రేడియేటర్ రాగీ ఇత్తడీ. వ్యాగన్ఆర్‌లోని కె-సిరీస్ ఇంజిన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే, రేడియేటర్ కూడా అంతే. నల్లా నీళ్లలో, బోరు నీళ్లలో ఉండే క్లోరైడ్లు అల్యూమినియాన్ని చుక్కలు చుక్కలుగా తినేస్తాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు గీజర్ కాయిల్ మీద కట్టినట్టే లోపల తెల్లగా పేరుకుంటాయి. రేడియేటర్ గొట్టాలు సన్నటివి కాబట్టి కొంచెం పూడినా చాలు, మీరు చెప్పే నీళ్ల గొప్పతనం అక్కడే ఆవిరైపోతుంది.

కూలెంట్‌లో అసలు సరుకు లోహాన్ని తుప్పు నుంచి కాపాడే రసాయనాలు. గడ్డకట్టకపోవడం మనకి అక్కర్లేని లాభం. మరిగే ఉష్ణోగ్రత పెరగడం మాత్రం మనకి కావలసిన లాభమే. రేడియేటర్ మూత లోపల బయటి గాలి కన్నా దాదాపు ఒక బార్ ఎక్కువ ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరిగితే, సగం సగం మిశ్రమం 129 దాకా ఓర్చుకుంటుంది. మే నెలలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే ఆ తొమ్మిది డిగ్రీలు చిన్న విషయం కాదు.

స్టీరింగ్_బాబాయ్:
సరే మాస్టారూ, నల్లా నీళ్లు మానేస్తా. ఆర్వో ప్లాంట్ నీళ్లు పోస్తే? ఇరవై లీటర్ల క్యాన్ ఎంతకొస్తుందో, కూలెంట్ లీటరు ఎంతో మీకు తెలుసు.

కెమిస్ట్రీ_మాస్టారు:
ఆర్వోలో లవణాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ఒక్కో ప్లాంట్‌లో ఒక్కోలా ఉంటుంది, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో దేవుడికెరుక. పెట్రోల్ బంకుల్లో బ్యాటరీ వాటర్ అని అమ్మే డిస్టిల్డ్ వాటర్ నయం. అదైనా కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్లు కలపని చిక్కటి కూలెంట్, కలపడానికి వాడాలి. ఒంటరిగా పోస్తే పొలుసు కట్టదు, తుప్పు మాత్రం ఆగదు.

డల్లాస్_తెలుగోడు:
ఇక్కడ టెక్సాస్‌లో వేసవిలో మీకు పోటీగా ఎండ కాస్తుంది. అయినా అందరూ సగం సగం మిశ్రమమే వాడతారు. కాకపోతే ఇక్కడ చలికాలంలో ఒక్కోసారి సున్నా కిందికి పోతుంది. 2021 ఫిబ్రవరిలో ఊరంతా గడ్డకట్టింది. అందుకే బాబాయ్ గారి ప్రశ్న నాకూ న్యాయంగానే అనిపిస్తుంది: ఎప్పటికీ గడ్డకట్టని ఊళ్లో గ్లైకాల్ 50 శాతం దేనికి? 30 శాతం చాలదా?

గ్యారేజీ_అన్న:
మంచి ప్రశ్న అడిగారు బ్రదర్. మన మార్కెట్‌లో ఒక వంతు కాన్సన్‌ట్రేట్‌కి మూడు వంతుల నీళ్లు కలపమని రాసిన డబ్బాలు చాలానే ఉన్నాయి. అంటే పాతిక శాతమే. ఆ డబ్బా మందు అంత పలచబడ్డా పనిచేసేలా తయారుచేశామని కంపెనీ చెబుతోంది, సరే. కానీ సగం సగం అని రాసిన డబ్బా తెచ్చి పాతిక శాతం కలిపితే గ్లైకాల్‌తో పాటు తుప్పు మందు కూడా సగానికి పడిపోతుంది. మా దగ్గరికొచ్చే బండ్లలో నేను ఎక్కువగా చూసే దరిద్రం ఇదే. లెక్కలతో కుస్తీ వద్దనుకుంటే నీళ్లు ముందే కలిపి అమ్మే రెడీమిక్స్ కొనండి. అందులో మళ్లీ నీళ్లు కలపకండి!

ఇక షాపాయన చెప్పిన రంగుల కథ. రంగు అంటే వేసిన డై, అంతే. టొయోటా పాత లాంగ్ లైఫ్ కూలెంట్ ఎరుపే, ఫోక్స్‌వ్యాగన్ జీ12 కూడా ఎరుపు ఛాయే. టొయోటా దాంట్లో ఫాస్ఫేట్లుంటాయి, జీ12లో ఉండవు. యూరప్ నీళ్లలో సున్నం ఎక్కువ, ఫాస్ఫేట్ దాంతో కలిస్తే అడుగున పేరుకుంటుందని వాళ్లు దూరం పెట్టారు. జపాన్ వాళ్లు నీళ్ల పంపు సీల్ అరుగుతుందని సిలికేట్లని దూరం పెట్టారు. పాతకాలం ఆకుపచ్చ రకం సిలికేట్లతో పనిచేస్తుంది, దాన్ని మామూలుగా రెండేళ్లకి మార్చాలి. సేంద్రియ ఆమ్లాల రకాలు ఐదేళ్లు, కొన్ని ఇంకా ఎక్కువే వస్తాయి. రెండూ కలిపితే వెంటనే జిగురు కట్టకపోవచ్చు గానీ ఎక్కువ రోజులుండేదాని ఆయుష్షు పడిపోతుంది. కాబట్టి రంగు చూసి కాదు, ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూసి కొనండి. డబ్బా వెనక భారత ప్రమాణం ఐఎస్ 5759 గానీ జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234 గానీ లేకపోతే నేనైతే ముట్టుకోను.

స్టీరింగ్_బాబాయ్:
ఇన్ని తిప్పలు దేనికయ్యా. మా లారీకి రేడియేటర్‌కి నీళ్లు పోయే దారిలో ఉండే వాల్వ్, అదే థర్మోస్టాట్, పీకేశాం. ఇంజిన్ చల్లగా ఉంది, పీడా పోయింది.

గ్యారేజీ_అన్న:
బాబాయ్, చల్లగా ఉండటం ఇంజిన్‌కి ఆరోగ్యం కాదు. థర్మోస్టాట్ ఎనభై పైచిలుకు డిగ్రీలకి తెరుచుకునేలా పెట్టింది కావాలనే. ఈ రోజుల్లో పెట్రోల్ బండికి అది పీకేస్తే ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో అదే వాల్వ్ బైపాస్ దారిని కూడా మూస్తుంది. తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిలో తిరిగి బండి ఇంకా వేడెక్కుతుంది.

అది అలా ఉంచండి. ఏం పొయ్యాలని ఇంతసేపు కొట్టుకుంటున్నాం గానీ ఉన్నది ఎక్కడికి పోయిందని ఒక్కరూ అడగలేదు. అది మూసి ఉన్న సిస్టమ్. నెలల మీద కొద్దిగా తగ్గితే తగ్గనీ, గీత కిందికి దిగిందంటే కారుతున్నట్టే. ఖమ్మం అన్నా, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. వేడి మీద మూత తిప్పితే ముఖం కాలుతుంది. పంపు కింద మరక ఉందా, పైపుల క్లిప్పుల దగ్గర రంగు పొడి కట్టిందా, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ వస్తోందా?

ఖమ్మం_వ్యాగన్ఆర్:
ఇంజిన్ దగ్గర ఏ మరకా లేదన్నా. తెల్లపొగ కూడా లేదు. కానీ మా ఆవిడ కూర్చునే వైపు కాళ్ల కింద మ్యాట్ తడిగా ఉంటోంది. ఏసీ నీళ్లనుకున్నా. వేళ్లకి జిడ్డుగా తగిలింది, ఏదో తీపి వాసన కూడా.

గ్యారేజీ_అన్న:
దొరికింది. ఏసీ నీళ్లకి జిడ్డుండదు. డ్యాష్‌బోర్డు లోపల హీటర్ కోర్, అంటే వేడి కూలెంట్‌తో క్యాబిన్‌ని వెచ్చబరిచే చిన్న రేడియేటర్, కారుతోంది. నల్లా నీళ్ల వల్లే అని నేను అనను, ఆ బండి వయసూ తక్కువేం కాదు. అది మార్చాలంటే డ్యాష్‌బోర్డు దింపాలి, లేబర్ బాగానే అవుతుంది. ఆ మ్యాట్ పిల్లలకి, కుక్కకి దూరంగా పెట్టండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం.

స్టీరింగ్_బాబాయ్:
ఖమ్మంలో హీటర్ దేనికి బాబూ? ఆ రెండు పైపులూ ఒకదానికొకటి కలిపెయ్, డ్యాష్‌బోర్డు ముట్టుకోకు.

కెమిస్ట్రీ_మాస్టారు:
వానాకాలంలో అద్దం మసకబారితే?

స్టీరింగ్_బాబాయ్:
ఏసీ ఉంది కదా మాస్టారూ.

గ్యారేజీ_అన్న:
ఈసారి నేను బాబాయ్ పక్షమే. పైపులకి బిరడా కొట్టి మూసెయ్యొద్దు, కొన్ని ఇంజిన్లకి ఆ దారిలో ప్రవాహం ఉండాలి. రెండు పైపుల్నీ కలిపితే చాలు. ఆ తర్వాత సిస్టమ్ అంతా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, కొత్త కూలెంట్ నింపి గాలి తీయించండి. తీసిన పాతది మోరీలో పారబోయనివ్వకండి.