ఎయిర్‌సాఫ్ట్ ఆటలో కళ్ల రక్షణకు ఏది వాడాలి?
విజయవాడలో ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, అతని స్నేహితులు 1970లలో జపాన్‌లో మొదలైన, బొమ్మ తుపాకులతో ఒకరినొకరు ప్లాస్టిక్ గుండ్లతో కాల్చుకునే ఎయిర్‌సాఫ్ట్ ఆట నేర్చుకుంటామంటున్నారు. ఇందులో వాడే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు బరువు 0.20 గ్రాములే అయినా, 1 జౌల్ శక్తితో పేలిస్తే అది సెకనుకు 100 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది కాబట్టి, కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుకే కంటి రక్షణ సాధనాల ఐరోపా ప్రమాణమైన ఇ.ఎన్. 166లో, వేగంగా వచ్చి తగిలే దెబ్బను తట్టుకుంటుందని తెలిపే ‘బి’ గుర్తున్న, ముఖానికి పూర్తిగా ఆనుకునే కళ్లద్దాలే కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. అయితే మన ఉక్కపోతలో అద్దాల లోపల ఆవిరి పట్టగానే పిల్లలు ఆట మధ్యలోనే వాటిని తీసేస్తారేమోనని నా భయం. ఆవిరి బెడద లేని జాలీ మాస్కు వాడితే, పగిలిన గుండు ముక్కలు లోపలికి రావా? ఆవిరి తక్కువగా పట్టే రెండు పొరల అద్దం మన ఎండలకు నిలుస్తుందా? ఆటకు ముందు ప్రతి తుపాకీ వేగాన్నీ క్రోనోగ్రాఫ్‌తో కొలిచే మైదానం గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఉంటే, అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.