ఈ వారం సమస్య: "ఎండ మండి పొలము పండె నంట" – పూరణలు, విమర్శలు

నిర్వాహకుడు, అనంతపురం:

అందరికీ నమస్కారం. సమస్య పైన ఇచ్చిందే, ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం కలవడం యతి, వాటి తర్వాతి అక్షరాలు కలిస్తే ప్రాసయతి. ఎండ–పండె అని ప్రాసయతి కుదిరింది కాబట్టి 'ఎ'కి 'ప'కి మైత్రి ఏందని ఎవరూ అడగొద్దు. ఇట్లాంటి పాదం ఇస్తే వెంటనే తట్టేది భగీరథుడో, ఎవరో ముని శాపమో. ఈసారి పురాణాలు పక్కన పెట్టండి. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకానే వాన, దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మనదొకటని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం, ఎండంటే శాపమనే అనుకున్నాం. ఇప్పుడు ఆ ఎండకే గిరాకీ వచ్చింది. ఎన్.పి.కుంటలో, గని–శకునాల దగ్గర, మైలవరంలో కంటికి ఆనినంత మేర సోలార్ పలకలే. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1000 మెగావాట్లు, దాదాపు 6 వేల ఎకరాలు, 2017లో పూర్తయింది. మరి ఈ పంట ఎవరి గాదెకు చేరుతోంది? అది మీ పద్యాల్లో కనపడాలని నా కోరిక.

తాడిపత్రి సైన్సు మాస్టారు:

సూర్యకిరణ మొచ్చి సోకిన పలకలో
సిరుల కణము లేచి చిందులేయ
తీగ తీగ వెంట దీపాల పంటగా
ఎండ మండి పొలము పండె నంట

సిరుల కణమంటే ఎలక్ట్రాన్. వెలుతురు తగిలితే కరెంటు పుడుతుందని 1839లోనే బెకరెల్ గమనించాడు, వెలుతురు పొట్లాలు పొట్లాలుగా వచ్చి ఎలక్ట్రాన్‌ను లేపుతుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు, 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు సిలికాన్ పలక చేస్తే పడిన వెలుతురులో నూటికి 6 వంతులే కరెంటయింది. ఈరోజు మార్కెట్లో దొరికే పలకలు 20 దాటాయి.

నిర్వాహకుడు:

మాస్టారూ, 'సిరుల కణము' చాలా బాగుంది, సైన్సు మాట వాడకుండానే సైన్సు చెప్పారు. 'పంటగా' తర్వాత 'ఎండ' అని అచ్చు వస్తే పాతకాలం వాళ్ళు విసంధి అంటారు, కానీ సమస్యనే అచ్చుతో ఇచ్చాం కాబట్టి ఈ వారం ఎవరినీ దాని మీద పట్టుకోం. 'కిరణమొచ్చి' వాడుక మాట, నాకు అభ్యంతరం లేదు. నాకు కనిపించిన లోటల్లా ఒకటే, ఈ పద్యంలో మనిషి లేడు. కిరణం వచ్చింది, కణం ఎగిరింది, దీపం వెలిగింది, పొలం మాత్రం ఎవరిదో తెలియలేదు.

జమ్మలమడుగు ఇంజనీరు:

మాస్టారు గారూ, మీ పద్యానికే కాదు, సమస్యకే ఒక మాట. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. పలక సామర్థ్యం కొలిచేది 25 డిగ్రీల దగ్గర. దాని మీద ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ సిలికాన్ పలక ఇచ్చే కరెంటు సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మన మే నెలలో పలక ఒళ్ళు 60 డిగ్రీలకు చేరిందనుకోండి, 14 శాతం అక్కడే పోయినట్టు. అంటే ఎండ 'మండితే' పంట తగ్గుతుంది, ఎండ 'కాస్తే' పండుతుంది. మంటకూ వెలుగుకూ తేడా చూపించే పూరణ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

కదిరి అక్క:

మేక మేయు బీడు మిగలదాయెను నేడు
అద్దములను పరచి హద్దు కట్ట;
గుత్త యెవరి దనుచు కొడవలి యడుగగా
"ఎండ మండి పొలము పండె" నంట

మాకు తెలిసినవాళ్ళు తరతరాలుగా గొర్రెలు, మేకలు మేపేవాళ్ళు. బీడంటే కాగితంలో ఎవరిదైనా కావచ్చు, మేత మాత్రం మందది. ఇప్పుడు మూడు మైళ్ళు చుట్టు తిరిగి పోవాల. కంచె పొడుగునా కింది తీగకు గొర్రె బొచ్చు కుచ్చులు కుచ్చులుగా చిక్కుకొని ఉంటుంది, చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. గుత్త డబ్బు పట్టా ఉన్నోళ్ళకు వస్తుంది. కౌలుకు చేసుకునేవాళ్ళకు రాదు, మేపుకునేవాళ్ళకు అసలే రాదు. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం చేశారు కదా, మరి ఆ భూమి మీద పదేండ్లు చెమటోడ్చిన కౌలుదారుకు ఏ కాగితం ఉంది?

నిర్వాహకుడు:

అక్కా, పూరణ అంటే ఇదీ. సమస్యలోని 'అంట' అనే మాటను అందరం ఊరికే పాదపూరణంగా వదిలేస్తాం, మీరు దాన్ని కంపెనీ గేటు దగ్గర నిలబడి చెప్పిన జవాబు చేశారు. కొడవలి "డబ్బు ఎవరికి" అని అడిగితే "బాగా పండింది" అని సమాధానం, అడిగిందానికీ చెప్పిందానికీ పొంతన లేదు, ఆ పొంతన లేకపోవడంలోనే మొత్తం సంగతి ఉంది. అద్ద–హద్దు దగ్గర అ–హ యతిమైత్రి, ప్రాసయతి రెండూ కుదిరాయి.

ఓర్వకల్లు తమ్ముడు:

అక్కా, నీ పద్యానికి దండం. కానీ ఒక మాట చెప్పాల. మా అన్న అట్లాంటి చోటే పని చేస్తాడు. బెంగళూరుకు వలస పోయి ఇటుకలు మోసినోడు, ఇప్పుడు రాత్రికి ఇంట్లో పడుకుంటాడు. ఆ సంగతి కూడా ఎవరో ఒకరు రాయాల. పలకలు బిగించేటప్పుడు వందల మందికి కూలి దొరికింది, బిగించినంక మిగిలింది గడ్డి కోసేవాళ్ళు, కాపలా వాళ్ళు, పలకలు కడిగేవాళ్ళు. అన్న కడిగే పని. అద్దం వేడెక్కినంక నీళ్ళు కొడితే బీటలిచ్చే ప్రమాదం, అందుకని పొద్దు పొడవక ముందే ట్యాంకరు వెంట పొడుగు కర్రకు బ్రష్షు కట్టుకొని వరస వెంబడి నడవాల. బోరు నీళ్ళతో కడిగితే తెల్లగా ఉప్పు మరక పడుతుంది, కాబట్టి మంచి నీళ్ళే కావాల. అది చూసి రాసినా:

పలక కడుగు నీటి పైపులు పారును
పక్క వీధి బిందె పగలు వేచు
మెరుపు పెరిగె గాని దప్పిక తీరదు
ఎండ మండి పొలము పండె నంట

నిర్వాహకుడు:

తమ్ముడూ, మూడో పాదంలో యతి తప్పింది. 'మె'కు 'ద'తో ఏ దారిలోనూ మైత్రి లేదు. 'తళుకు పెరిగె గాని దప్పిక తీరదు' అని మార్చు, త–ద కలుస్తాయి, గణం, అంటే అక్షరాల కొలత, కూడా చెదరదు, పైగా అద్దానికి మెరుపు కంటే తళుకే దగ్గరి మాట. 'పక్క వీధి బిందె' దగ్గర నేను ఆగిపోయాను. బిందె వేచి ఉందన్నావు, మనిషిని చెప్పలేదు, అయినా వరసలో నిలబడిన ఆడవాళ్ళందరూ కనపడ్డారు.

జమ్మలమడుగు ఇంజనీరు:

నీళ్ళు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు వచ్చాయి తమ్ముడూ, కొన్ని పార్కుల్లో వాడుతున్నారు.

ఓర్వకల్లు తమ్ముడు:

వస్తే నీళ్ళు మిగులుతాయి సార్, నిజమే. మా అన్న పని పోతుంది.

నిర్వాహకుడు:

దీన్ని దాటేసి ముందుకు పోవద్దు ఎవరూ. ఈ రెండు మాటల మధ్య ఉన్నదే ఈ కాలం రాజకీయం. నీళ్ళు మిగలడం మంచిదే, పని పోవడం చెడ్డదే, ఒకటి చెప్పి రెండోది మింగేసేవాళ్ళు రెండు పక్కలా ఉన్నారు. యంత్రం తెచ్చే ముందు ఆ అన్నకు ఆ యంత్రం నడిపే పని నేర్పిస్తారా లేదా అన్నది సైన్సు తేల్చేది కాదు, ఒప్పందం రాసేవాళ్ళు తేల్చాలి, వాళ్ళను అడగాల్సింది మనం.

జమ్మలమడుగు ఇంజనీరు:

నా పూరణ. పొద్దు గూకితే పలక పడుకుంటుంది, ఊరు మాత్రం అప్పుడే స్విచ్చులన్నీ వేస్తుంది. అందుకే పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళను కింది చెరువు నుంచి పై చెరువుకు ఎత్తి, రాత్రి వదిలి టర్బైన్లు తిప్పే పద్ధతి. ఆ పద్ధతిలోదే పిన్నాపురం ప్రాజెక్టు, దాని సామర్థ్యం 1680 మెగావాట్లు.

రాత్రి కొరకు నీటి రాశులు పైకెత్తి
పొద్దు గుంకగానె పొర్లి దూక
కొండ మీది చెరువు కోతకు వచ్చెరా
ఎండ మండి పొలము పండె నంట

తాడిపత్రి సైన్సు మాస్టారు:

'చెరువు కోతకు వచ్చె' అనడం అద్భుతం సార్. ఎత్తడానికి పెట్టిన కరెంటు మొత్తం తిరిగి రాదనీ, నూటికి ఇరవై పైచిలుకు దారిలో పోతుందనీ పిల్లలకు చెప్పేటప్పుడు ఈ పద్యమే చదువుతాను.

నిర్వాహకుడు:

నడక బాగుంది. మూడో పాదం చివర 'రా' మాత్రం గణం కోసం వచ్చింది, 'వచ్చెను' అన్నా సరిపోతుంది.

రాప్తాడు రైతు:

నేను పద్యం రాయడం కొత్త, తప్పులుంటే చెప్పండి.

రైతు పేరు మీద రాసిన మీటరు
రోజు రోజు లెక్క రూక లీయ
పందిరైన పలక పైరుకు నీడగా
ఎండ మండి పొలము పండె నంట

కదిరి అక్క:

అన్నా, మీటరు మాట వింటేనే మా పక్క రైతులకు టెన్షన్. 2004 నుంచి మోటారుకు ఉచిత కరెంటు, మీటరు బిగిస్తే రేపు బిల్లు కూడా వస్తుందని భయం. నువ్వు ఆ మీటరునే తిరగేసి, డబ్బు రైతుకు ఇచ్చేదిగా చేసినావు. ఇది నిజంగా జరిగేదేనా?

రాప్తాడు రైతు:

జరగొచ్చు అక్కా. 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో రైతు తన భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సోలార్ పలకలు పెట్టి కరెంటు అమ్ముకోవచ్చని ఉంది. అంత పెట్టుబడి ఒక్క రైతు దగ్గర యాడుంటుంది, నలుగురు కలిసి సంఘంగా పెట్టుకోవాల, బ్యాంకు అప్పియ్యాల. పలకలు మనిషి ఎత్తు కంటే పైకి బిగిస్తే కింద ఆకుకూరలు, పశువుల మేత పెరుగుతాయి. చెనక్కాయకు మాత్రం నిండా ఎండ ఉండాల, అందుకే పద్యంలో దాని పేరు పెట్టకుండా పైరు అని ఊరుకున్నా.

నిర్వాహకుడు:

కొత్తవాళ్ళు రాసే పద్యం కాదిది. గణాలు, యతులు ఎక్కడా తడబడలేదు. ఇంజనీరు గారు అడిగిన మంట–వెలుగు తేడా కూడా ఇందులోనే దొరికింది, మంట పందిరి మీద ఆగిపోయింది, వెలుగు మీటరులోకి పోయింది, పైరుకు నీడ మిగిలింది. అక్క పద్యం అడిగిన ప్రశ్నకు ఈ పద్యం మొదటి మాటలోనే జవాబు చెప్పింది, 'రైతు పేరు మీద' అని. పలక ఎవరు చేశారు, ఎంత కరెంటు ఇస్తుంది అన్నవి తర్వాత. కాగితం మీద పేరు ఎవరిదన్నదే నాకు ముఖ్యం, మేపుకునేవాళ్ళకూ కౌలుదారుకూ కూడా ఆ కాగితంలో ఒక వరస ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ వారం మొదటి పూరణగా కదిరి అక్కది తీసుకుంటున్నాను, రాప్తాడు అన్నది దాని పక్కనే. తమ్ముడు దిద్దిన పద్యం మళ్ళీ ఒకసారి పూర్తిగా పెట్టాలి.

వచ్చే వారానికి కూడా ఆటవెలది నాలుగో పాదమే: "మనసు లేని మరయె మనసు నెరిగె". కృత్రిమ మేధ మీద రాయండి, ఆదివారం రాత్రి దాకా గడువు.